తొమ్మిది పొయ్యిరాళ్ళు

ముందే చెప్పేస్తాను. ఆ రాళ్ళు పీకింది నేనే. మా అత్తగారు పురమాయించారు, మా ఆయన మోశాడు, తక్కినవాళ్ళు చుట్టూ నిలబడి ఫోటోలు తీశారు. కానీ చెట్ల మధ్యకి వెళ్ళి, ఏది చదునుగా ఉంది, ఏది గిన్నెని కదలకుండా నిలబెడుతుంది అని ఏరి ఏరి పీకింది మాత్రం నేను. ఈ సంగతి ఇప్పటికి మా స్నేహితుల్లో నలుగురికి చెప్పాను. వాళ్ళలో ముగ్గురు "నీకు తెలియదు కదా పాపం" అన్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. తెలియకపోవడం ఏమన్నా ఘనకార్యమా?

మేం వర్జీనియాలో ఈ షాంటిలీ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఇక్కడి తెలుగువాళ్ళం ఏటా కార్తీకమాసంలో వనభోజనాలకి వెళ్ళేవాళ్ళం. మాకిక్కడ కార్తీకం అంటే నవంబరు. పట్టుచీర మీద చలికోటు, నెత్తిన ఉన్ని టోపీ, చేతిలో వణికే పేపర్ ప్లేటు. మొదట్లో పార్కులో షెడ్డు బుక్ చేసుకునేవాళ్ళం. తరవాత రియల్ ఎస్టేట్ చేసే మా స్నేహితుడొకడు, షాంటిలీకి పడమటి వైపు పాతకాలపు పొలం ఒకటి, అడవి పెరిగిపోయినది, పెట్టుబడికని కొన్నాడు. అందరం అక్కడికే మారాం. "ఈసారి మన ల్యాండ్‌లోనే" అని వాట్సాప్‌లో పెట్టేవాడు. కొన్నది అతనొక్కడే అయినా మాకందరికీ అది మన ల్యాండే అయిపోయింది.

వనభోజనం అంటే ఉసిరిచెట్టు కింద తినాలి. వర్జీనియాలో ఉసిరిచెట్టు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇండియన్ స్టోర్‌లో ఫ్రోజెన్ ఉసిరికాయల పాకెట్ కొని, దారం కట్టి, ఒక పెద్ద చెట్టు కొమ్మకి వేలాడదీశాం. దాని కిందే విస్తళ్ళు. దేవుడు కూడా అడ్జస్ట్ అవుతాళ్ళే అన్నాడు మా స్నేహితుడు. అందరం నవ్వుకున్నాం. ఆ నవ్వులన్నీ నాకిప్పుడు వినపడుతుంటాయి.

ఆ మొదటి ఏడు మా అత్తగారు తెనాలి నుంచి ఆర్నెల్లకి వచ్చి ఉన్నారు. మేం గ్యాస్ సిలిండర్ స్టవ్ తీసుకెళ్ళాం. దాన్ని చూసి ఆవిడ మొహం మాడ్చుకుని, సిలిండరు మీద పాలు పొంగించుకోడానికి ఇంత దూరం అడవిలోకి రావాలా, ఇంట్లో పొయ్యి లేదా అన్నారు. అడవిలో కట్టెల మీద వండిందే వనభోజనం అని ఆవిడ లెక్క. "మూడు రాళ్ళు చూడమ్మా, ఎంతసేపు" అన్నారు నాతో.

వెళ్ళాను. ఆ పెద్ద చెట్టుకి పదడుగుల అవతల నేలంతా మెరిసే ఆకుల తీగ పరుచుకుని ఉంది. నవంబరులో అడవంతా ఎండిపోయినా ఆ తీగ మాత్రం పచ్చగా ఉంది. దాని మధ్యలో ఎర్రటి ఇసుకరాళ్ళు, జానెడు ఒకటి, మూరెడు ఒకటి, నిలబెట్టినట్టుగా ఉన్నాయి. కొన్ని ఒరిగాయి. నాకు చదునైనవి కావాలి. ఒకదాన్ని పట్టుకుని ఊపితే కదిలే పన్నులాగా కదిలింది. రెండు చేతులా పట్టి పీకాను. "దీన్ని ఇట్లా ఎవరు పాతారో" అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను. ఈ ఒక్క ముక్క నేను మరిచిపోయి ఉంటే నా బతుకు కాస్త సుఖంగా ఉండేది.

మూడుతో సరిపోలేదు. పరమాన్నానికి ఒక పొయ్యి, పులిహోర అన్నానికి ఒకటి, సాంబారుకి ఒకటి. మూడు మూళ్ళు తొమ్మిది. మా ఆయన ఒక్కొక్కటీ మోసుకొచ్చి పడేశాడు. అత్తగారు వాటిని నీళ్ళతో కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, దణ్ణం పెట్టుకుని పొయ్యి వెలిగించారు. ఆ పరమాన్నం రుచి గురించి మావాళ్ళు రెండేళ్ళు చెప్పుకున్నారు. వచ్చే ఏడాది మళ్ళీ రాళ్ళు వెతుక్కోవడం దేనికని ఆ తొమ్మిదీ కారు డిక్కీలో వేసుకొచ్చి మా గరాజ్‌లో లాన్ మూవర్ పక్కన పెట్టాం. ఎనిమిదేళ్ళు అట్లాగే తీసుకెళ్ళాం, తెచ్చుకున్నాం. ఒక ఏడు మంట ఎక్కువై ఒక రాయి ఫట్టుమని రెండు చెక్కలైంది. దీపావళి టపాసు మిగిలిపోయిందన్నారు ఎవరో. దానికీ నవ్వాం.

ఇంకోటి కూడా చెప్పాలి. బురదలో చీరలు పాడవుతున్నాయని ఆడవాళ్ళం గొడవ చేస్తే మా స్నేహితుడు మిషన్ తెప్పించి ఆ పెద్ద చెట్టు దగ్గర మూల అంతా చదును చేయించి, కంకర పోయించాడు. టెంటుకి, కార్లకి హాయిగా ఉండేది. గొడవ చేసినవాళ్ళలో నా గొంతే పెద్దది.

తరవాత అత్తగారికి మోకాళ్ళు పోయి ప్రయాణాలు మానేశారు. పిల్లలు కాలేజీలకి వెళ్ళిపోయారు. మంచి బేరం వచ్చిందని స్నేహితుడు ల్యాండ్ అమ్మేశాడు. కొన్నది డేటా సెంటర్లు కట్టే కంపెనీ. ఎవరికీ పెద్దగా బాధ కలగలేదు. మా వనభోజనాలు మళ్ళీ పార్కు షెడ్డుకి వెళ్ళాయి.

నా ఉద్యోగం పోయేనాటికి నాకు యాభై ఎనిమిదేళ్ళు. పాతికేళ్ళు డేటాబేస్‌లు చూసుకున్నాను. ఇంటర్వ్యూలకి వెళ్తే ఎదురుగా కూర్చున్న మనవాళ్ళ పిల్లలు నన్ను ఆంటీ అనకుండా ఉండటానికి నానా తంటాలూ పడేవాళ్ళు. ఆర్నెల్లు తిరిగి విసుగెత్తి, మా లైబ్రరీలో వాలంటీర్లు కావాలంటే వెళ్ళాను. అక్కడ స్థానిక చరిత్ర గది ఒకటుంది. పాత పొలాల్లో ఎవరూ పట్టించుకోని సమాధులు ఎక్కడెక్కడున్నాయో నమోదు చేసి రాష్ట్ర రికార్డులకి పంపే పని నడుస్తోంది. ఊరి చుట్టూ వారానికొక అడవి డేటా సెంటర్ కింద పోతోంది. ఒకసారి రికార్డులోకి ఎక్కితే సమాధి చుట్టూ కంచె వేసి వదిలెయ్యాలి. ఎక్కకపోతే అది ఉత్త మట్టి.

వర్జీనియా చరిత్ర అంటే అప్పటిదాకా నాకు తెలిసింది మా పిల్లల నాలుగో క్లాసు ప్రాజెక్టు. చెప్పుల డబ్బాలో అట్టముక్కలు అతికించి కోట కట్టడం, అదీ నేనే కట్టడం. ఇన్నేళ్ళు ఈ నేల మీద ఉండి, ఇల్లు కొని, ఓటేసి, ఇక్కడెవరు బతికారో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. సరే, ఇప్పుడైనా అనుకున్నాను. పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళి వాళ్ళు చెప్పేది రికార్డ్ చేసి, టైప్ చేసి పెట్టే పని నాకిచ్చారు.

అట్లా నాకు మామ్మ దొరికింది. మామ్మ అనేది నా మనసులో పిలుపు, పైకి మేడమ్ అనేదాన్ని. తొంభై ఒక్కేళ్ళ నల్లజాతి ముసలావిడ. చర్చి వెనక చిన్న ఇంట్లో ఒక్కతే ఉండేది. ఆవిడ ముందుతరాలు ఆ చుట్టుపక్కల ఒక పొలంలో బానిసలుగా పనిచేసి, స్వేచ్ఛ వచ్చాక కూడా ఆ పొలం అంచునే బతికి, అక్కడే మట్టిలో కలిశారు. పాలరాయి కొనే స్తోమత లేదు. అక్షరాలు చెక్కనిచ్చే రోజులూ కావు. తల దగ్గర ఒక రాయి, కాళ్ళ దగ్గర ఒక రాయి, అంతే. మొత్తం పదహారు సమాధులు. పదహారూ ఆవిడ బుర్రలో ఉన్నాయి, ఇంకెక్కడా లేవు.

ఆవిడ చెప్పే తీరు వేరు. ఎవరి గురించైనా సరే, నేను అడిగితే చెప్పదు. చిన్నప్పుడు ఏటా వసంతంలో ఒక ఆదివారం వాళ్ళ అమ్మమ్మ పిల్లలందరినీ తీసుకెళ్ళి అక్కడ ఆకులూడ్పించేదట. ఒక్కో రాయి దగ్గర నిలబెట్టి ఆ మనిషి పేరు, ఏం చేసేవాడు, ఎట్లా పోయాడు అని చెప్పి, మళ్ళీ పిల్లల చేత అప్పజెప్పించుకునేదట. మామ్మకి ఆ కథలన్నీ ఆ నడక వరసలోనే వచ్చు. కళ్ళు మూసుకుని ఒక రాయి దగ్గర నిలబడితే ఆ మనిషి వస్తాడు. ఆ రాయి దాటితేగానీ తరవాతి మనిషి రాడు. మధ్యలోకి దూకమంటే గుర్తు రాదు. ఒక్కొక్క వారానికి ఒక్క సమాధి. అంతకంటే ఓపిక లేదు ఆవిడకి.

నాకు ఆ పద్ధతి భలే నచ్చింది. గుర్రాలకి నాడాలు కొట్టేవాడు మొదటివాడు. కోళ్ళు తీసుకుని పురుళ్ళు పోసిన మంత్రసాని మూడోది. జీవితమంతా మాట్లాడుకోని అక్కాచెల్లెళ్ళిద్దరు చోటు లేక పక్కపక్కనే ఉన్నారు, అయిదు, ఆరు. నూతినీళ్ళ జ్వరంతో పోయిన చిన్నపిల్ల ఎనిమిదోది. ఆ పిల్ల గురించి చెప్పిన రోజు నేను కారులో కూర్చుని పావుగంట స్టార్ట్ చేయలేదు. పేర్లు ఇక్కడ రాయను, అవి ఆవిడవి.

చివరి అయిదుగురూ ఒక మూలగా, పెద్ద చెట్టు దగ్గర ఉన్నారట. ఆఖరిది వాళ్ళ అమ్మమ్మ తల్లి, అంటే మామ్మకి తాతమ్మ. బానిసగా పుట్టి సొంత ఆవుతో పోయింది అని మాత్రం చెప్పింది. మిగతాది వరస వచ్చినప్పుడే అంది. ఆవిడకున్న కోరిక ఒకటే. పదహారుగురి పేర్లూ రాష్ట్రం కాగితాల్లోకి ఎక్కాలి, తాతమ్మ మీద ఎవరూ రోడ్డు వెయ్యకూడదు. కంపెనీవాళ్ళ ప్లాన్ అప్రూవల్‌కి వెళ్ళింది, ఆ లోపల అయిపోవాలి. "హనీ, నాకు టైం లేదు, దానికీ టైం లేదు" అనేది ప్లాన్ గురించి. కథ మాత్రం తొందరపడేది కాదు.

ఆవిడ ఆ చోటుని పాత పొలం పేరుతో చెప్పేది. అది ఎక్కడో నాకు తెలియదు. ఏడో వారంలో, కౌంటీ పంపిన సర్వే అమ్మాయి ఆ చోటుకి వెళ్తూ నన్నూ రమ్మంది. మామ్మ గీసిచ్చిన మ్యాప్ నా ఒళ్ళో ఉంది. నావిగేషన్ పెట్టుకుని నా కారులో వెళ్తున్నాం. ఆఖరి మలుపు దగ్గర నా చెయ్యి దానంతటదే ఇండికేటర్ వేసింది. నావిగేషన్ ఇంకా చెప్పలేదు. ఈ మలుపు నాకు తెలుసు. ఎనిమిదేళ్ళు తిరిగాను.

కారు దిగి మ్యాప్ ఆ అమ్మాయికిచ్చాను. ఆ అమ్మాయి తీగలోకి దిగి, మ్యాప్ చూస్తూ, ఒక్కొక్క రాయి దగ్గరా చిన్న జెండా గుచ్చుకుంటూ పోయింది. ఆ తీగ ఏమిటో చెప్పింది కూడా. రాయి కొనలేనివాళ్ళు సమాధుల మీద అది నాటేవాళ్ళట, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుందని. పదకొండు జతలు దొరికాయి. మామ్మ చెప్పిన చోటే, చెప్పిన వరసలోనే. ఆ అమ్మాయికి సంతోషం పట్టడం లేదు, ఇంత కచ్చితమైన జ్ఞాపకం తన సర్వీసులో చూడలేదంది.

ఆ తరవాత మూలకి వచ్చాం. కంకర. పెద్ద చెట్టు కొమ్మకి ఇంకా మా పసుపురంగు తాడు ముక్క వేలాడుతోంది. చెట్టు మొదట్లో ఒకే ఒక్క జానెడు రాయి పక్కకి పడి ఉంది, ఎక్కణ్ణుంచి దొర్లిందో తెలియకుండా. ఆ అమ్మాయి చాలాసేపు తిరిగింది. ఇనుప చువ్వ గుచ్చి చూసింది. మిషన్ పెట్టి దొలిచేశారు, పైమట్టి అంతా కలిసిపోయింది, ఏమీ చెప్పలేం అంది. మామ్మ మాట ఉంది కదా అన్నాను. మాట ఉంటే ఫుట్‌నోట్ రాస్తారు, కంచె వెయ్యరు, నేల మీద గుర్తుండాలి అంది. "ఎవరు చేశారో ఇదంతా" అని తనలో తను అనుకున్నట్టు అంది.

నేనప్పుడు నోరు విప్పలేదు. ఇది రాయడం నాకు ఎంత సిగ్గుగా ఉందో చెప్పలేను. జెండాలు లెక్కపెడుతున్నట్టు నటించాను.

ఇంటికొచ్చి తిన్నగా గరాజ్‌లోకి వెళ్ళాను. లాన్ మూవర్ పక్కన తొమ్మిదీ ఉన్నాయి, పగిలినది రెండు ముక్కలుగా. మసిపట్టి ఉన్నాయి. అక్కడక్కడ పసుపు ఇంకా పోలేదు. మా ఆయన హెర్న్‌డన్ ఆఫీసు నుంచి వచ్చేసరికి నేను అక్కడే కింద కూర్చుని ఉన్నాను. చెప్పాను. ఆయన గరాజ్ తలుపు దించేశాడు.

"నువ్వు ఎవరికీ చెప్పకు" అన్నాడు. "సమాధులు డిస్టర్బ్ చేస్తే ఇక్కడ ఫెలొనీ, జైల్లో పెట్టే నేరం. లాయర్‌తో మాట్లాడకుండా ఒక్క ముక్క అనద్దు. మనతో పాటు వచ్చిన ముప్పై ఫ్యామిలీలూ ఇరుక్కుంటాయి."

"ఆ ముసలావిడ సంగతో?"

"పదకొండు దొరికాయి కదే. మొత్తం పోలేదు కదా."

ఆయన చెడ్డవాడు కాదు. భయస్థుడు. నేనూ అంతే, కాకపోతే నా భయానికి ఆయన మాట ఒక సాకు దొరికింది. లాయర్ అపాయింట్‌మెంట్ రెండు వారాల తరవాత దొరికింది. అది మళ్ళీ వాయిదా పడింది. ఈలోపల నేను మామ్మ దగ్గరికి వెళ్తూనే ఉన్నాను. ఎనిమిదో సమాధి, తొమ్మిదో సమాధి. ఆవిడ కాఫీ ఇచ్చేది. సర్వే ఎంతవరకొచ్చిందని అడిగేది. నడుస్తోంది అని నీళ్ళు నమిలేదాన్ని. పదోది చెప్పిన రోజు, "ఇంకో రెండు వారాల్లో మూలకి వచ్చేస్తాం, నువ్వు వినాలి మా తాతమ్మ సంగతి" అంది, చిన్నపిల్ల పండగకి రోజులు లెక్కపెట్టుకున్నట్టు.

లాయర్ ఏం చెప్పాడంటే, తెలియక చేసిందానికి ఎవరూ కేసు పెట్టరు, ఊరికే కంగారు పడ్డారు అన్నాడు. అంతే. పది నిమిషాలు. దీనికోసం నేను నెల రోజులు ఆగాను.

ఆ మధ్యాహ్నమే రాళ్ళన్నీ డిక్కీలో వేసుకుని సర్వే అమ్మాయి ఆఫీసుకి వెళ్ళాను. పార్కింగ్‌లో డిక్కీ తెరిచి చూపించి మొదటినుంచీ చెప్పాను. పాలు పొంగించడం, పసుపు, కంకర, అన్నీ. ఆ అమ్మాయి నన్ను తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది. నెమ్మదిగా విని, ఒక్కో రాయీ ఎక్కణ్ణుంచి తీశారో చూపించగలరా అని అడిగింది. ఎట్లా చూపిస్తాను? పన్నెండేళ్ళ కిందట, ఆకుల్లో, ఏది చదునుగా ఉంటే అది. నేలలోంచి బయటికొచ్చాక ఇది కూడా ఒక రాయే అంది. రికార్డ్‌లో పెట్టడానికి నా స్టేట్‌మెంట్ రాసిమ్మంది.

"నెల కిందటే చెప్పి ఉంటే?" అని అడిగాను.

"ఆ మూల తవ్వి చూసేదాకా ప్లాన్ ఆపమని అడిగేవాళ్ళం" అంది. "ఒప్పుకునేవాళ్ళో లేదో తెలియదు. పోయిన శుక్రవారం అప్రూవల్ అయిపోయింది. పదకొండుకి కంచె. మూల మీదుగా సర్వీస్ రోడ్డు."

స్టేట్‌మెంట్ రాసిచ్చాను. ఫారంలో సమాధులు ఎట్లా పాడయ్యాయో టిక్ పెట్టాలి. వ్యవసాయం, వరద, పశువులు, నిర్మాణం, విధ్వంసం. నాకు సరిపోయేది వెతికాను. వనభోజనం అని లేదు మరి. విధ్వంసం దగ్గర టిక్ పెట్టి, చేసినవారు అన్న చోట నా పేరు రాశాను. ఎవరూ నన్నేమీ అనలేదు. కేసు లేదు, ఫోన్ లేదు. ఆ కాగితం రాష్ట్ర రికార్డుల్లో ఉంటుంది. వర్జీనియా చరిత్రలో నా పేరు ఎక్కిందంటే అది అక్కడే.

మామ్మకి చెప్పడం మిగిలింది. పదకొండోది అప్పటికే అయిపోయింది. ఆ గురువారం పన్నెండోది, మూలలో మొదటి సమాధి. ఆవిడ ఆ రోజు చర్చికి వెళ్ళేటప్పటి నీలం గౌను వేసుకుని కూర్చుంది. బల్ల మీద రెండు కప్పులు పెట్టి ఉన్నాయి. నేను రికార్డర్ బయటికి తీశాను గానీ ఆన్ చేయలేదు. ముందు మీకొకటి చెప్పాలి అన్నాను.

అంతా చెప్పాను. దాచకుండా, ఆ నెల రోజుల సంగతితో సహా. ఏడవకూడదని గట్టిగా అనుకున్నాను, ఏడిస్తే ఆవిడే నన్ను ఓదార్చాల్సి వస్తుంది. ఆవిడ అంతా విని, కర్ర అందుకుని, రాళ్ళు ఎక్కడున్నాయంది.

చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి నడిపించాను. డిక్కీలో పాత దుప్పటి మీద వరసగా పెట్టాను. ఆవిడ వంగి ఒక్కొక్కదాన్నే తడిమింది. మసి వేళ్ళకి అంటుకుంది. పసుపు మరక దగ్గర ఆగి ఇదేమిటంది. పొయ్యి వెలిగించేముందు పసుపు పూసి దణ్ణం పెట్టుకుంటాం అన్నాను. ఆవిడ తలూపింది. పగిలిన రాయి రెండు ముక్కల్నీ దగ్గరికి జరిపి, అతుకు కలుస్తుందో లేదో చూసింది. కలిసింది.

"ఇందులో మా తాతమ్మది ఏది?" అంది.

"తెలియదు."

"ఆవిడ తల దగ్గరి రాయి అసలు ఇందులో ఉందా?"

"అదీ తెలియదు" అన్నాను. ఉందని అబద్ధం చెబుదామని నోటిదాకా వచ్చింది. ఏదో ఒక రాయి చూపిస్తే ఆవిడ దాన్ని పెరట్లో పెట్టుకునేదేమో. చెప్పలేకపోయాను. ఆ కుటుంబానికి నేను చేసింది చాలు.

లోపలికి వచ్చి కూర్చున్నాం. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఎప్పుడూ చెప్పేముందు అట్లాగే మూసుకుంటుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. గబగబా రికార్డర్ ఆన్ చేశాను. నాకు దక్కాల్సింది కాదు ఇది, అయినా చెప్తోంది, రాళ్ళు పోయినా మాటలైనా మిగులుతాయి అనుకున్నాను. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఆవిడ పెదాలు కదిలాయి. పదకొండో మనిషి పేరు వినపడీ వినపడకుండా అంది, ఎప్పుడూ కిందటి వారం ఆగిన చోటినుంచే అందుకుంటుంది కదా. ఆ తరవాత కుడిచెయ్యి కొంచెం ముందుకి చాచి, గాల్లో దేనికోసమో వెతికింది. చాలాసేపు వెతికింది.

కళ్ళు తెరిచింది.

"కంకరే కనపడుతోంది హనీ" అంది.

నొచ్చుకునేట్టు కాదు, మామూలుగానే అంది. నేను రాళ్ళు మళ్ళీ తీసుకెళ్ళి అక్కడే ఎక్కడో ఒకచోట పెట్టనా అని అడిగాను, వెర్రి ప్రశ్న. తప్పు మనిషి నెత్తి మీద పెడతావు, వద్దు అంది. మళ్ళీ వారం వస్తాను, అప్పటికి గుర్తొస్తుందేమో అన్నాను.

"రాకు" అంది.

ఆ తరవాత మూడుసార్లు ఫోన్ చేశాను, తియ్యలేదు. జనవరిలో ఆవిడ పోయిందని చర్చి వాళ్ళు చెప్పారు. లైబ్రరీలో ఆవిడ ఫైలు నేనే పూర్తిచేసి పంపాలి. పదకొండు సమాధులకి పదకొండు పేజీలు టైప్ చేశాను. పన్నెండు నుంచి పదహారు దాకా అంకెలు వేసి, వాటి ఎదురుగా ఏమీ రాయకుండా వదిలేశాను. ఫైలు సరిచూసే అమ్మాయి ఫోన్ చేసి, ఇక్కడ అయిదు ఎంట్రీలు మిస్ అయినట్టున్నాయి, మీ దగ్గర ఉన్నాయా అని అడిగింది. లేవన్నాను.